రాణిగారి కన్నీళ్ళ కోటా

లండన్ పత్రికలకు ఒక పాత జబ్బుంది. బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ఏ ఆంతరంగిక కార్యదర్శి పదవీ విరమణ చేసినా ఆయన మీద నిండు పేజీ వ్యాసం వేస్తాయి. అందులో ఆయన మితభాషి అని ఉంటుంది, నిగర్వి అని ఉంటుంది, తెర వెనుక మనిషి అని ఉంటుంది. ఆయన చేసిందేమిటో మాత్రం భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. ఎన్నేళ్ళు నోరు విప్పలేదో లెక్కగట్టి, అదే ఘనకార్యమని చేతులు జోడిస్తారు. మన దగ్గర నోరు విప్పని మనిషిని మొద్దావతారం అంటాం. అక్కడ లార్డ్ అంటారు.

ఎలిజబెత్ రాణి దగ్గర ఆంతరంగిక కార్యదర్శిగా చేసిన రాబిన్ జాన్‌వ్రిన్ దొరగారి మీద ఇలాంటి పొగడ్తలు చదివి చదివి నాకు బీపీ పెరిగింది. రాజదర్బారులంటే మీకెంత గౌరవమో నాకు తెలుసు గనుక మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం.

ముందు జీవిత చరిత్ర. త్వరగా కానిచ్చేద్దాం, ఎందుకంటే ఆయన వర్గంలో అందరిదీ ఇదే చరిత్ర, పేర్లు మార్చుకుంటే సరిపోతుంది. 1946లో పుట్టారు. మార్ల్‌బరో స్కూలు, ఆక్స్‌ఫర్డ్‌లో బ్రేస్‌నోస్ కాలేజీ. 1964 నుంచి 1975 దాకా నౌకాదళం. తర్వాత విదేశాంగ శాఖ. అందులో నాటో దగ్గర కొంతకాలం, 1981 నుంచి 1984 దాకా న్యూఢిల్లీ బ్రిటిష్ హైకమిషన్‌లో ఫస్ట్ సెక్రటరీగా. 1987లో రాణిగారి ప్రెస్ సెక్రటరీ. ఆ తర్వాత సహాయ కార్యదర్శి, ఉప కార్యదర్శి, చివరికి 1999లో అసలు కార్యదర్శి. 2007లో రిటైరై ప్రభువుల సభలో లార్డ్‌గా కూర్చున్నారు. నౌకాదళంలో తల వంచడం, విదేశాంగ శాఖలో మాట వంచడం, ప్యాలెస్‌లో నడుము వంచడం. ఏ దశలోనూ ఎముక విరగలేదు. అదే ఆరోగ్య రహస్యం.

ప్రైవేట్ సెక్రటరీ అంటే టీ తెప్పించి, కార్లు పురమాయించే మనిషి అనుకునేరు. ప్రభుత్వం నుంచి ఫైళ్ళతో వచ్చే ఎర్రపెట్టెలు ఆయన చేతి మీదుగానే రాణి బల్ల మీదికి వెళ్ళేవి. ప్రధాని కార్యాలయంతో మాట్లాడేది ఆయన, పర్యటనలు కుదిర్చేది ఆయన. రాణి ఏం చదవాలో, ఎక్కడ ఆగాలో, ఎవరి సమాధి దగ్గర ఎంతసేపు నిలబడాలో ఆ కార్యాలయంలోనే తేలేది. ఇన్ని మాటలెందుకు, అదొక చౌకధరల దుకాణం. సరుకు శోకం. ఎవరి చావుకు ఎన్ని రోజుల మౌనం, ఏ జెండా, ఎన్ని సెకన్లు, కంటతడి ఉండాలా అక్కర్లేదా అని తూకం వేసి పంచే డీలరే ఈ కార్యదర్శి. కార్డు లేనివాళ్ళు ఎంతసేపు క్యూలో నిలబడ్డా ఉత్త చేతులతో వెనక్కి రావలసిందే.

ఈ ఉద్యోగానికి దౌత్యవేత్తలే ఎందుకు పనికొస్తారంటే, వాళ్ళ శిక్షణ అటువంటిది. జాన్‌వ్రిన్ గారు పనిచేసిన ఆ విదేశాంగ శాఖ సంగతే చూడండి. లండన్‌కు ఉత్తరాన హాన్‌స్లోప్ పార్క్ అని కంచె వేసిన ప్రభుత్వ ఆవరణ ఒకటుంది. 37 పూర్వ వలసల నుంచి పట్టుకుపోయిన దాదాపు 8,800 ఫైళ్ళను అందులో దాచి, దశాబ్దాల పాటు ఎవరికీ చెప్పలేదు. బ్రిటిష్ శిబిరాల్లో చిత్రహింసలు అనుభవించిన కెన్యా ముసలివాళ్ళు లండన్ కోర్టుకెక్కితే తప్ప 2011 దాకా ఆ ఫైళ్ళు బయటపడలేదు. అవి కూడా తగలబెట్టగా మిగిలినవి. తగలబెట్టడానికి తీరిక లేని చోట సముద్రంలో ముంచమని ఆదేశాలున్నాయి, బరువు కట్టి, ఒడ్డుకు దూరంగా! అంత పద్ధతైన శాఖలో పెరిగినవాడికి ప్యాలెస్‌లో నోరు మూసుకోవడం ఒక లెక్కా?

ఆయన ఢిల్లీలో ఉన్న కాలంలోనే, 1983 నవంబరులో, రాణిగారు కామన్వెల్త్ సమావేశాల కోసం మన దేశానికి వచ్చారు. పనిలో పనిగా హైదరాబాదూ చూశారు. అప్పుడు ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు. నవంబరు 20 రాణి దంపతుల పెళ్ళిరోజు, ఆ రోజు బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చికి వెళ్ళి ప్రార్థన చేసుకున్నారు. సికింద్రాబాద్ వైపు వాళ్ళు ఇప్పటికీ ఆ ముచ్చట చెప్పుకుంటారు, చెప్పుకోనివ్వండి. నాకు గుర్తొచ్చేది మాత్రం వేరే. 1947లో ఆవిడ పెళ్ళికి నిజాం నవాబు కార్టియే నగల దుకాణానికి కబురుపెట్టి, పెళ్ళికూతురు ఏది కోరుకుంటే అది ఇచ్చేయండన్నాడు. ఆవిడ మొహమాటపడకుండా ఒక కిరీటం, ఒక వజ్రాల హారం ఏరుకుంది. అదే ఏడు తెలంగాణ పల్లెల్లో జనం వెట్టిచాకిరీ మీద తిరగబడి తుపాకుల ముందు నిలబడి ఉన్నారు. ఆ కిరీటాన్ని 1973లో విప్పేసి, రాళ్ళు ఊడదీసి ఇంకో కిరీటానికి పొదిగించారు. హారం మాత్రం భద్రంగా ఉంది, ఈమధ్య మనవడి భార్య కేట్ కూడా పెట్టుకుంది. కట్నం ఇచ్చినవాడి ఊళ్ళో పెళ్ళిరోజు జరుపుకోవడం మర్యాదే మరి.

ఇక అసలు సంగతికి వద్దాం. జెండా.

1997 ఆగస్టు 31, ఆదివారం. స్కాట్లండ్‌లోని బాల్మోరల్ కోటలో రాజకుటుంబం సెలవుల్లో ఉంది. అర్ధరాత్రి దాటాక పారిస్ రాయబార కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. మాజీ కోడలు డయానా కారు సొరంగంలో గుద్దుకుంది. ఆ ఫోన్ ఎత్తింది అక్కడ డ్యూటీలో ఉన్న ఉప కార్యదర్శి జాన్‌వ్రిన్ గారే. రాణినీ యువరాజునీ నిద్ర లేపించి చెప్పవలసి వచ్చింది. చావు కబురు చల్లగా చెప్పడమంటే ఏమిటో పాతికేళ్ళు శిక్షణ పొందిన మనిషి, బాగానే చెప్పి ఉంటారు. తెల్లారాక కుటుంబమంతా క్రాథీ చర్చికి వెళ్ళింది. తల్లి పోయిన ఇద్దరు పిల్లలు కూడా వెళ్ళారు. ఆ ప్రార్థనలో డయానా పేరు ఎత్తలేదు. కోటా ఇంకా మంజూరు కాలేదు కదా.

లండన్‌లో జనం పూలు తెచ్చి గేట్ల ముందు పోస్తున్నారు. సంతాప పుస్తకంలో సంతకం పెట్టడానికి గంటల తరబడి క్యూలు. సెలోఫేన్ కాగితం చుట్టిన పూలు ఎండకు ఉడికిపోయి గుట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. తలెత్తి చూస్తే బకింగ్‌హామ్ ప్యాలెస్ మీద జెండా కర్ర ఖాళీగా ఉంది. దేశమంతా జెండాలు సగానికి దించారు. కచేరీల మీద, బడుల మీద, చివరికి పెద్ద పెద్ద దుకాణాల మీద కూడా. ఆ ఒక్క కర్ర మీద మాత్రం ఏమీ లేదు. జనం ఆ ఖాళీ కర్రకు ఫొటోలు తీసుకున్నారు. టీవీ వాళ్ళు దాని మీద చర్చలు పెట్టారు. ఖాళీ కర్ర మీద అన్ని గంటలు మాట్లాడిన జాతి చరిత్రలో ఇంకొకటి లేదు.

ఎందుకు ఖాళీ అంటే, నిబంధన. ఆ కర్ర మీద ఎగిరేది రాజపతాకం ఒక్కటే. అది రాణి ఆ భవనంలో ఉంటేనే ఎగురుతుంది. రాణి స్కాట్లండ్‌లో ఉంది కనుక ఎగరదు. సరే, ఉన్నా సగానికి దించరు. రాజు పోయిన మరుక్షణం ఇంకో రాజు ఉంటాడు కాబట్టి సింహాసనం ఎన్నడూ ఖాళీ కాదు, కాబట్టి రాజపతాకానికి శోకం లేదు. మన సెక్రటేరియట్ ఫైళ్ళు తిరగేసినవాళ్ళకు ఆ నాలుగు రోజులు ప్యాలెస్‌లో ఏం జరిగి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. నాకైతే ఆ నోట్ ఫైలు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది.

జెండాల విభాగం గుమాస్తా ముందు నోట్ పెడతాడు. “జెండాను సగమునకు దించవలసినదిగా ప్రజలు కోరుచున్నారు. అయితే ప్రస్తుతము జెండా ఎగురుటలేదు. ఎగరని జెండాను దించుటకు నిబంధనలయందు వీలు కానరాదు. తగు ఆదేశములకై సమర్పించడమైనది.”

సూపరింటెండెంట్ రాస్తాడు. “ముందు ఎగురవేసి పిమ్మట దించవచ్చునా? పరిశీలించి తిరిగి సమర్పించుడు.”

“ఎగురవేయుటకు రాణిగారు భవనమునందు ఉండవలెను. ఉన్నచో ఎగురునది రాజపతాకము. రాజపతాకమును దించరాదు, ఏలయనగా రాజునకు మరణము లేదు.”

“మరణించినది రాజు కాదు గదా?”

“కాదు. కావున దించనక్కరలేదు.”

“జాతీయ పతాకమగు యూనియన్ జాక్ ఎగురవేయవచ్చునా?”

“పూర్వోదాహరణము లేదు.”

“ఎందుకు లేదు?”

“ఇంతవరకు ఎవరును అడుగలేదు.”

“ఇప్పుడు అడుగుచున్నారు గదా?”

“అడుగుచున్నవారు గేటు వెలుపల ఉన్నారు. ఫైలు లోపల ఉన్నది.”

ఈ ఫైలు బాల్మోరల్‌కూ లండన్‌కూ మధ్య ఫోన్లలో తిరుగుతూనే ఉంది. లండన్‌లో ప్రధాన కార్యదర్శి రాబర్ట్ ఫెలోస్, ఆయన స్వయానా డయానా అక్క భర్త. కోటలో మన ఉప కార్యదర్శి. మధ్యలో ప్రధాని టోనీ బ్లెయిర్ మనుషులు. ఒక తాడు, ఒక గుడ్డ, ఒక కర్ర. అర్ధగంట పని. ఒకప్పుడు భూమ్మీద నాలుగో వంతును ఏలిన యంత్రాంగం, తాడు లాగడానికి ఆదివారం నుంచి గురువారం దాకా ఆలోచించింది. మన పంచాయతీ ఆఫీసు అటెండరు పక్క వీధికి టీకి వెళ్ళి వచ్చేలోపు చేసేసేవాడు, పైగా ఎవరికీ చెప్పేవాడు కూడా కాదు.

పత్రికలు ఊరుకోలేదు. మా రాణి ఎక్కడ, ఆమె జెండా ఎక్కడ అని ‘సన్’ అచ్చేసింది. మీకూ బాధ ఉందని మాకు చూపించండని ‘ఎక్స్‌ప్రెస్’ బతిమాలింది. అదే పత్రికలు ఆగస్టు 30 దాకా ఆ అమ్మాయిని కెమెరాలతో వీధి వీధీ తరిమాయన్న సంగతి ఎవరూ గుర్తు చేయలేదు, అది వేరే వ్యాసం. గురువారం నాడు ప్యాలెస్ దిగొచ్చింది. శుక్రవారం రాణి లండన్ చేరి, పూల గుట్టలు చూసి, సాయంత్రం ఆరింటికి టీవీలో మాట్లాడింది. ‘మీ రాణిగా, ఒక నాయనమ్మగా’ అంది. ఆ నాయనమ్మ ముక్క బ్లెయిర్ మనుషులు చేర్చిందట. ఆవిడ నాయనమ్మ అన్న సంగతి ప్యాలెస్ వాళ్ళకు తట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు. అది ప్రోటోకాల్ పుస్తకంలో లేని హోదా.

శనివారం రాణి అంత్యక్రియలకు బయల్దేరగానే రాజపతాకం దిగింది, యూనియన్ జాక్ ఎక్కి సగంలో ఆగింది. ఆకాశం ఊడి పడలేదు. సింహాసనం కదల్లేదు. ఆ రోజు నుంచి రాణి ఊళ్ళో లేనప్పుడల్లా ఆ కర్ర మీద యూనియన్ జాక్ ఎగరడమే పద్ధతైపోయింది. అనాదిగా వస్తున్న ఆచారమని నాలుగు రోజులు నానా హైరానా పెట్టినవాళ్ళకు, ఆ భవనంలో రాజులు కాపురం పెట్టిందే 1837లో, విక్టోరియాతోనే అన్న సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. మా ఊళ్ళో అంతకంటే పాత చింతచెట్లున్నాయి. వాటికి ఏ ఆచారమూ లేదు.

దొరగారికి న్యాయం చేద్దాం. ఉన్న దర్బారీల్లో కాస్త లోకం పోకడ తెలిసినవాడు, మార్పు కోరేవాడు జాన్‌వ్రినే అని అక్కడి పత్రికలన్నీ రాస్తాయి. నమ్ముతాను. నాలుగు రోజులు పట్టింది మార్పు కోరేవాడు ఉన్నందువల్లే. లేకపోతే ఆ ఫైలు ఇవాళ్టికీ నడుస్తూ ఉండేది.

ఇది జరిగి ఆరు వారాలు కాలేదు. అక్టోబరులో అదే రాణి మన దేశానికి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళు. పర్యటనలో అమృత్‌సర్ ఉంది, జలియన్‌వాలాబాగ్ ఉంది. ఆ ముందు రోజు రాత్రి ఢిల్లీ విందులో ఆవిడ ప్రసంగం చదివింది. మన గతంలో కొన్ని కష్టమైన ఘట్టాలున్నాయన్నది రహస్యం కాదు, జలియన్‌వాలాబాగ్ అందులో బాధాకరమైన ఉదాహరణ, అయితే మనం ఎంత కోరుకున్నా చరిత్రను తిరగరాయలేం, దానిలో విచారమూ ఉంటుంది ఆనందమూ ఉంటుంది, విచారం నుంచి నేర్చుకుని ఆనందం మీద నిర్మించుకోవాలి. ఇదీ సారాంశం. విదేశాల్లో రాణి చదివినవి ఆవిడ సొంత మాటలు కావు. విదేశాంగ శాఖ చిత్తు రాసేది, ప్యాలెస్ నునుపు చేసేది. జాన్‌వ్రిన్ గారు ఉద్యోగం నేర్చుకున్న చోటు ఒకటి, చేస్తున్న చోటు ఒకటి. రెండిళ్ళ పూజారులు కలిసి వండిన ప్రసాదమిది.

పాము చావలేదు, కర్ర విరగలేదు. చూడండి ఎంత శుభ్రంగా ఉందో. అందులో ఒక్క డయ్యర్ లేడు, ఒక్క తూటా లేదు. కాల్చినవాడూ లేడు, కాల్చమన్నవాడూ లేడు. వరద వచ్చినట్టు, భూకంపం వచ్చినట్టు అదొక ఘట్టం.

1919 ఏప్రిల్ 13, వైశాఖి పండుగ. బ్రిటిష్ సైనికాధికారి డయ్యర్ ఇరుకు సందులోంచి యాభై మంది తుపాకీవాళ్ళతో లోపలికొచ్చి, పొమ్మని ఒక్క మాటైనా చెప్పకుండా, పది నిమిషాల పాటు 1,650 రౌండ్లు కాల్పించాడు. జనం ఎక్కువగా గుమిగూడిన చోటికి, బయటపడే దారుల వైపుకు గురిపెట్టి మరీ. రాత్రికి కర్ఫ్యూ. గాయపడ్డవాళ్ళు తెల్లవార్లూ అక్కడే దాహం దాహమని చచ్చిపోయారు. ప్రభుత్వం ఒప్పుకున్న లెక్క 379. సందు ఇంకొంచెం వెడల్పుంటే సాయుధ కార్లను తెచ్చి మెషిన్‌గన్లు వాడేవాడినే అని విచారణ జరిపిన హంటర్ కమిటీ ముందు ఆ డయ్యరే చెప్పాడు. ఇంగ్లండు చేరాక ఒక పత్రిక చందాలు పోగేస్తే ఆయనకు 26,000 పౌండ్లు వచ్చాయి. 1927లో పోతే సైనిక లాంఛనాలతో సాగనంపారు. ఆ చావుకు కోటా మంజూరు కావడానికి నాలుగు రోజులు పట్టలేదు.

అక్టోబరు 14న రాణి ఆ తోటలో పూలగుచ్ఛం పెట్టి ముప్ఫై సెకన్లు మౌనంగా నిలబడింది. ముప్ఫై సెకన్లు! మా ఇంటి దగ్గర సిగ్నల్ అంతకంటే ఎక్కువసేపు ఆపుతుంది. పక్కన భర్తగారు, ఫిలిప్ మహాశయుడు, రెండు వేల మంది అమరులయ్యారని రాసి ఉన్న ఫలకం చూసి, ఇది కాస్త ఎక్కువ చేసి చెప్పిందే అన్నాడు. గాయపడ్డవాళ్ళను కూడా కలిపి ఉంటారన్నాడు. మీకెలా తెలుసంటే, నౌకాదళంలో డయ్యర్ కొడుకు తనతో పనిచేశాడట, అతను చెప్పాడట. చంపినవాడి కొడుకు చెప్పిన లెక్కను చచ్చినవాళ్ళ స్మారకం ముందు నిలబడి వల్లించిన పెద్దమనిషి మొహాన ఒక్క దర్బారీ నీళ్ళు కొట్టలేదు. పది లక్షల జాగ్రత్తలు తీసుకునే ఆ కార్యాలయంలో, ఏ టోపీ ఏ రంగుండాలో ఆరు నెలల ముందే తేల్చే ఆ కార్యాలయంలో, ఈ మనిషిని ఫలకం దాకా నోరు కట్టి తీసుకెళ్ళాలని ఒక్కడికీ తోచలేదా? తోచింది. తోచి కూడా పర్వాలేదనుకున్నారు. నష్టపోయేది మనం కాబట్టి పర్వాలేదు. చరిత్రను తిరగరాయమని ఎవరడిగారు వీళ్ళను? తప్పు మాది, క్షమించండి అనమన్నారు, అంతే కదా. దానికి తాడూ కర్రా కూడా అక్కర్లేదు. నోరుంటే చాలు. ఆ ఒక్క మాట కోసం అమృత్‌సర్‌లో తాతలను పోగొట్టుకున్న కుటుంబాలు మూడు తరాలుగా ఎదురుచూస్తే, ఈ పెద్దమనుషులు ఇచ్చింది ఒక ఉదాహరణ అనే మాట. మనవాళ్ళ శవాలు వాళ్ళ వ్యాకరణంలో ఉదాహరణలు.

సరే, కోపం తగ్గించుకుంటాను. ఎందుకంటే అదే ఏడాది డిసెంబరు 11న రాణిగారు నిజంగానే ఏడ్చారు. పోర్ట్స్‌మత్‌లో బ్రిటానియా అనే రాజనౌకను సర్వీసు నుంచి తప్పించారు. నలభై నాలుగేళ్ళు మోసిన పడవ. బ్యాండు వాయిస్తుండగా ఆవిడ చేతి తొడుగుతో కళ్ళు తుడుచుకుంది, కెమెరాలు పట్టుకున్నాయి, దేశమంతా చూసింది. మాజీ కోడలికి నాలుగు రోజుల నిరీక్షణ, మూడు వందల డెబ్బై తొమ్మిది మందికి అర నిమిషం, పడవకు కన్నీళ్ళు. 1997 శోకం పద్దు అలా ముగిసింది. ఆడిట్‌లో ఎవరూ అభ్యంతరం పెట్టలేదు.

మరుసటి ఏడు ప్రజలకు దగ్గరవ్వాలనే కార్యక్రమం మొదలైంది. రాణిని డెవన్‌లో ఒక పల్లె పబ్బుకు తీసుకెళ్ళారు, ఎల్స్‌మీర్ పోర్ట్‌లో మెక్‌డొనాల్డ్స్ చూపించారు. నలభై ఆరేళ్ళు ఏలాక, ఆ జనం తినేదేమిటో చూడాలని తోచినందుకు సంతోషం. ఆ మరుసటి ఏడాది జాన్‌వ్రిన్ గారికి ప్రమోషన్.

అసలు కార్యదర్శిగా ఆయన చూసిన పెద్ద ఏడాది 2002. స్వర్ణోత్సవం, ప్యాలెస్ కప్పు మీద రాక్ సంగీతకారుడు బ్రయాన్ మే గిటారు, లక్షల జనం. దాన్ని దాటేద్దాం. ఆ ఏప్రిల్‌లో రాజమాత శవపేటిక వెస్ట్‌మిన్‌స్టర్ హాల్లో ఉంచినప్పుడు, పైన ఆవిడ కిరీటం పెట్టారు. కిరీటం ముందు భాగాన కోహినూర్. కోహినూర్ గురించి నేను ఎత్తను. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల మాట ఎత్తను. మహారాజా దులీప్ సింగ్‌కు పదేళ్ళ వయసులో సంతకం పెట్టించుకుని లాక్కున్నారన్న మాట అసలే ఎత్తను. పదేళ్ళ పిల్లాడి దగ్గర లాక్కున్న రాయిని నూటొక్కేళ్ళ ముసలావిడ శవం మీద పెట్టి, రెండు లక్షల మంది చేత దండం పెట్టించారు. ఆ మర్యాద ఏర్పాట్లన్నీ చాలా చక్కగా జరిగాయట. వ్యాసాలన్నిట్లోనూ రాశారు.

ఆ అక్టోబరులో ఇంకో ముచ్చట. డయానా దగ్గర బట్లరుగా పనిచేసిన పాల్ బర్రెల్ మీద ఆమె వస్తువులు కాజేశాడని కేసు. దాదాపు రెండేళ్ళు దర్యాప్తు, వందల వస్తువుల జాబితా, ఓల్డ్ బెయిలీ కోర్టులో విచారణ. ఓ శుక్రవారం రాణి, భర్త, కొడుకు ఒకే కారులో బాలి బాంబుదాడి మృతుల ప్రార్థనకు వెళ్తూ ఆ కోర్టు పక్కగా పోయారు. జనం ఎందుకు గుమిగూడారని రాణి అడిగింది. కొడుకు చెప్పాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకు, అయిదేళ్ళ కిందట ఆ బట్లరు తన దగ్గరికి వచ్చి కొన్ని కాగితాలు భద్రంగా దాచానని చెప్పిన సంగతి! నవంబరు 1న కేసు కుప్పకూలింది. అక్కడి క్రిమినల్ కేసులు అప్పట్లో రాణి పేరు మీదే నడిచేవి, కాబట్టి తను పెట్టిన కేసును తనకే గుర్తొచ్చి తనే ఆపుకున్నట్టయింది. రోజూ ఎర్రపెట్టెలు మోసి, అన్ని పత్రికలూ చదివి వినిపించే అంతటి కార్యాలయం ఉండి, కారు కిటికీలోంచి చూస్తే తప్ప ఆవిడకు తెలియలేదు.

ఇవన్నీ కాగితాల మీద ఎలా నడిచాయో మనం చదువుకోవచ్చా అంటే, కుదరదు. ప్రైవేట్ సెక్రటరీయే రాజుల పత్రాగారానికి తాళంచెవి పట్టుకునే మనిషి. పైగా 2010లో ఒక చట్టం తెచ్చి, రాజుతోనూ వారసుడితోనూ నడిచే ఉత్తర ప్రత్యుత్తరాలను సమాచార హక్కు నుంచి పూర్తిగా తప్పించారు. ప్రజా ప్రయోజనం ఉందా లేదా అని చూసే ప్రశ్న కూడా లేదు. మన దగ్గర సమాచార హక్కు దరఖాస్తుకు జవాబివ్వకుండా ముప్పుతిప్పలు పెట్టే అధికారులు ఇది తెలిస్తే ఎంత కుళ్ళుకుంటారో.

చేసిన సేవకు ప్రతిఫలం దక్కింది. ఒక నైట్‌హుడ్ సరిపోలేదని ఇంకోటి, వాటి మీద వాటికే పై మెట్లు. పేరు పక్కన జీసీబీ, జీసీవీవో, క్యూఎస్‌వో, పీసీ అని బిరుదుల పొడి అక్షరాలు. చాల్ఫర్డ్ హిల్ లార్డ్. ఆయన ఖాళీ చేసిన కుర్చీలో క్రిస్టఫర్ గైట్ కూర్చున్నారు, సైన్యం మీదుగా, విదేశాంగ శాఖ మీదుగా. 2022లో చార్లెస్ రాజైనప్పుడు ఆయన ఆంతరంగిక కార్యదర్శిగా ఉన్న క్లైవ్ ఆల్డర్టన్ ఒకప్పుడు మొరాకోలో బ్రిటన్ రాయబారి. దుకాణం లైసెన్సు ఒకే కుటుంబంలో ఉండిపోయింది.

అయితే సరుకు నాణ్యత పెరుగుతోందని ఒప్పుకోవాలి. జలియన్‌వాలాబాగ్‌కు నూరేళ్ళయినప్పుడు, 2019లో, ప్రధాని థెరెసా మే పార్లమెంటులో దాన్ని సిగ్గుపడాల్సిన మచ్చ అంది, తీవ్రంగా విచారిస్తున్నామంది. క్షమాపణ చెప్పలేదు. 2023లో చార్లెస్ కెన్యా వెళ్ళి అక్కడి అకృత్యాలకు సమర్థన లేదన్నాడు, ప్రగాఢ విచారం వ్యక్తం చేశాడు. క్షమాపణ చెప్పలేదు. 1997లో ముప్ఫై సెకన్లు, ఇప్పుడు మంచి నిడివి ఉన్న పేరాలు. చెప్పేస్తే లాయర్లు వస్తారట, నష్టపరిహారాలు అడుగుతారట. అంటే ఇన్నాళ్ళూ గొంతులో అడ్డుపడింది దుఃఖం కాదు, చెక్కుబుక్కు. ఆ ఒక్క మాట ఏదో ఒక రోజు రాజుగారి నోట రావాలంటే, ముందు ఆ చిత్తుప్రతి మీద ఒక ఆంతరంగిక కార్యదర్శి సంతకం పడాలి. పెడితే ఆ దొరగారికి లార్డ్ పదవి దక్కుతుందో లేదో నాకు అనుమానమే. వాళ్ళకైతే అనుమానం కూడా లేదు, అందుకే పెట్టడం లేదు.